'పాలు పడలేదు': సిజేరియన్ కాన్పు తరువాతి తొలిదినాల స్తన్యం

సిజేరియన్ కాన్పు జరిగిన మరునాటికే బాలింత చుట్టూ వినిపించే మాట 'పాలు పడలేదు'. ఆ మాట వెంటనే డబ్బాపాలు వస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశ సగటు 21.5 శాతం మాత్రమే. కనుక ఈ మాట ఏ శారీరక స్థితిని సూచిస్తున్నదో పరిశీలించవలసి ఉంది.

స్తన్యానికి సంబంధించి తెలుగులో రెండు వేర్వేరు క్రియలున్నాయి. పాలు పడుట ఒకటి, చేపుట మరొకటి. దూడను ముందుగా విడిచి, ఆవు చేపిన తరువాతనే పాలు పితుకుతారు. పొదుగులో పాలు ఉండటం వేరు, అవి దిగిరావటం వేరు అన్న ఎరుక ఈ మాటలో ఉంది. శరీరధర్మశాస్త్రం చేసే విభజన కూడా ఇదే. ఉత్పత్తికి ప్రొలాక్టిన్, విడుదలకు ఆక్సిటోసిన్ ప్రధాన హార్మోన్లు. 'చేపు' పశువులకు వాడే మాట అన్న సంకోచం విడిచిపెడితే వైద్యరచనకు ఇంతకంటే తగిన పదం దొరకదు.

మాయ వెలుపలికి రాగానే ప్రొజెస్టెరాన్ తగ్గిపోయి, సాధారణంగా 30 నుండి 72 గంటలలో పాలు సమృద్ధిగా పడతాయి. సిజేరియన్‌లోనూ మాయను తొలగిస్తారు గనుక ఈ ప్రక్రియ ఆగదు. అయితే కొందరిలో ఆలస్యమవుతుంది. బిడ్డను రొమ్ముకు పట్టించటంలో జాప్యం, అధిక రక్తస్రావం ఇందుకు కొన్ని కారణాలు. కోత నొప్పి, ఆందోళన ఆక్సిటోసిన్‌ను అణచి చేపును అడ్డగిస్తాయి. ఈలోగా రొమ్ము ఖాళీగా ఉండదు. ముర్రుపాలు గర్భధారణ నడిమి నెలలనుండే తయారవుతాయి. పరిమాణం కొద్దిపాటిదే, కానీ తొలిరోజు బిడ్డ ఒక్కోసారి తాగేదీ కొన్ని మిల్లీలీటర్లే.

బిడ్డ నవజాత శిశు విభాగంలో ఉన్నా, రొమ్ము పట్టలేకపోయినా పాలు పిండటం అవసరమవుతుంది. వీలైతే కాన్పైన తొలి గంటలలోనే ప్రారంభించి, రాత్రివేళతో సహా రోజుకు 8 నుండి 12 సార్లు పిండాలి. మొదట చేతితో పిండటమే మేలు. చిక్కని ముర్రుపాల చుక్కలు పంపు గొట్టాలకే అంటుకుపోతాయి. చేతితో పిండితే చెంచాలోకో, శుభ్రపరచిన ఉగ్గుగిన్నెలోకో నేరుగా పట్టవచ్చు. పాలు పెరిగిన తరువాత పంపు ఉపయోగం ఎక్కువ. తొలిదినాలలో పంపుకు ఏమీ రాకపోవటాన్ని పాలులేమికి నిదర్శనంగా భావించటం పొరపాటు. అప్పటి ప్రయోజనం సేకరణ కంటే ప్రేరణ. తీసిన కొద్దీ ఊరే స్వభావం గలది స్తన్యం. అవసరం లేకుండా డబ్బాపాలు పట్టిస్తే ఆ ప్రేరణే తగ్గుతుంది. నిజంగా పడని పాలను ఆ విధంగా మాటే సృష్టిస్తుంది.

అయితే ప్రతి సందర్భమూ ఆలస్యమే కాదు. గర్భాశయంలో మాయ ముక్క మిగిలిపోవటం, థైరాయిడ్ లోపం వంటివి ఉత్పత్తినే తగ్గించగలవు. మూడు రోజులు దాటినా రొమ్ములలో మార్పు లేకున్నా, అంతకుముందే బిడ్డ మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, పసిరికలు హెచ్చినా వైద్యపరీక్ష తప్పనిసరి. అప్పుడు వైద్యులు సూచించే అదనపు పాలు బిడ్డకు చికిత్సే.