కార్డు ముక్కా? అంటించిన కవరా?

పెళ్ళి కుదిరిందన్న కబురైతే మన పెద్దలు కార్డు ముక్క మీద రాసి డబ్బాలో పడేసేవారు. పోస్టుమాన్ చదివినా, అరుగు మీద కూచున్న పక్కింటి తాతగారు చదివినా నష్టం లేదు. నలుగురూ చదివితేనే సంతోషం కూడాను. అదే సంబంధం తప్పిపోయిందన్న కబురైతే కవరులో పెట్టి, అంచు తడిపి, అంటించి మరీ పంపేవారు. అబ్బాయి పాసయితే కార్డు. అప్పు కావలసివస్తే కవరు. 1879లో మన దేశంలో పోస్టుకార్డు అడుగుపెట్టిన నాటినుంచీ ఈ విచక్షణ ఎవరూ బడిలో పాఠం చెప్పకుండానే ఇంటింటా అలవడింది.

ఈనాడు ఉత్తరాలన్నీ అరచేతిలోని ఫోనులోకి వచ్చి చేరాయి. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, మెసెంజర్, అరట్టై - ఒక్కొక్క ఫోనులో మూడేసి, నాలుగేసి ఉంటున్నవి. వీటిలో ఏది మేలని అడిగి చూడండి. "దీంట్లో బొమ్మలు బాగుంటాయండీ" అంటారు ఒకరు. "దాంట్లో సినిమా మొత్తం ఒకేసారి పంపొచ్చు సార్" అంటాడు ఇంకొకడు. బొమ్మల సంగతి అలా ఉంచుదాం. వీటిలో ఏది కార్డో, ఏది కవరో, కవరైతే దాన్ని విప్పగలవారు ఇంకెవరైనా ఉన్నారో లేదో - ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అసలు తేడా అక్కడే ఉన్నది.

ముందు ఒక చిక్కు విడదీయాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఊరి రచ్చబండ వంటివి. అక్కడ మాట్లాడేది నలుగురూ వినాలనే. ఆ సంగతి తెలిసే మాట్లాడతాం గనుక వాటితో పేచీ తక్కువ. రచ్చబండ పక్కనే చాటుగా మాట్లాడుకోవడానికి వేసిన గది మెసెంజర్. చాలా కాలం ఆ గదికి తలుపు ఉండేదిగాని, గడియ మనం అడిగితేనే పడేది. అడగకుండానే గడియ వేసే పద్ధతిని 2023 డిసెంబరులోగాని మొదలుపెట్టలేదు.

ఇక వాట్సాప్. జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ అనే ఇద్దరు 2009లో ప్రారంభించిన ఈ సంస్థను 2014లో ఫేస్‌బుక్ వారు దాదాపు 1,900 కోట్ల డాలర్లకు బేరమాడారు. 2016 ఏప్రిల్ నాటికి అందులోని ఉత్తరాలన్నిటికీ తాళం పడింది. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అని దాని పేరు. పేరు చూసి భయపడనక్కరలేదు. ప్రతి ఫోనూ తనకోసం ఒక తాళంకప్పనూ, ఒక చెవినీ తయారుచేసుకుంటుంది. కప్పను లోకమంతటికీ పంచిపెడుతుంది. చెవి మాత్రం ఫోను దాటి బయటికి రాదు. మీ పిన్నిగారికి మీరు ఉత్తరం పంపితే, మీ ఫోను ఆవిడ కప్పతో దాన్ని బిగించి పంపుతుంది. తెరవగలిగేది ఆవిడ ఫోనొక్కటే. దారిలో మోసుకుపోయే కంపెనీవారికి కూడ అది అర్థం కాని అక్షరాల కుప్ప.

అయితే కవరు లోపలి సంగతి వేరు, పైన చిరునామా వేరు. ఎవరు ఎవరికి రాశారు, ఎన్ని గంటలకు రాశారు అన్నది మోసేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? అది వాట్సాప్ వారికి తెలుసు. మరొక సంగతి ఉన్నది. ఫోను పోతే ఉత్తరాలు పోకుండా బ్యాకప్ అని ఒక నకలు గూగుల్ దగ్గరో, ఆపిల్ దగ్గరో దాచుకుంటాం. ఆ నకలుకు కూడ తాళం వేసుకునే సదుపాయం 2021 అక్టోబరులో వచ్చింది. కాని అది మనంతట మనం సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వేసుకోవాలి. వేసుకోకపోతే, ఉత్తరానికి లక్కముద్ర వేసి పంపి, దాని నకలు ఎదురింటివారి బీరువాలో పెట్టి వచ్చినట్టే.

టెలిగ్రామ్ కథ ఇంకా తమాషా. మన దేశంలో తంతి 2013 జూలైలో శాశ్వతంగా మూతపడింది. మరుసటి నెలలోనే దురోవ్ సోదరులు తమ యాప్‌కు ఆ పేరు పెట్టి విడుదల చేశారు! టెలిగ్రామ్ అంటే మహా రహస్యమైనదని మన కుర్రవాళ్ళలో ఒక నమ్మకం ఉన్నది. నిజానికి మామూలుగా రాసే ఉత్తరాలకు అక్కడ పైన చెప్పిన తాళం లేదు. ఉత్తరాలన్నీ కంపెనీవారి యంత్రాలలో ఉంటాయి. విప్పే చెవి కూడ వారి దగ్గరే ఉంటుంది. సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే అసలు తాళం. అదీ ఇద్దరి మధ్యనే, గ్రూపులకు లేదు. అలాగని టెలిగ్రామ్‌ను తీసిపారేయలేం. ఫోను మార్చినా ఉత్తరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక గ్రూపులో రెండు లక్షలమంది దాకా చేరవచ్చు. పెద్ద పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు ఇట్టే పంపవచ్చు. గ్రూపు పరీక్షలకు చదివే మా విద్యార్థులకు అదే గ్రంథాలయం. గ్రంథాలయానికి తాళం ఎందుకు? ఇంటి గుట్టు మాట్లాడుకునేందుకు మాత్రం అది చోటు కాదు. 2024 ఆగస్టులో పావెల్ దురోవ్‌ను ఫ్రాన్సులో నిర్బంధించారు. ఆ మరుసటి నెలలోనే, చట్టప్రకారం అధికారులు అడిగితే వాడకందారు నంబరు, ఇంటర్నెట్ చిరునామా ఇస్తామని కంపెనీ తన నిబంధన మార్చుకున్నది.

సిగ్నల్ లాభాపేక్ష లేని సంస్థవారిది. వాట్సాప్‌లో వాడే తాళం కూడ వీరు చేసిందే. వాట్సాప్ వదిలి వచ్చిన ఆక్టన్ 2018లో వీరికి 5 కోట్ల డాలర్లు సమకూర్చారు. 2016లో అమెరికాలో ఒక విచారణ సందర్భంగా వివరాలిమ్మని అడిగితే వీరు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఏనాడు తెరిచారు, చివరిసారి ఏనాడు కలిసింది. ఇవ్వడానికి అంతకు మించి వారి దగ్గర లేదు. ఇంత గొప్పది కదా అని నేనూ పెట్టుకున్నాను. తెరిస్తే లోపల ముగ్గురున్నారు. ముగ్గురూ కంప్యూటరు పంతుళ్ళే!

చిక్కంతా ఇదే. మేనత్తలు, బావగార్లు, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి అందరూ వాట్సాప్‌లో ఉంటే మనమొక్కరం సిగ్నల్‌లో కూచుని ఎవరితో మాట్లాడతాం? 1874లో బెర్న్ నగరంలో 22 దేశాలవారు కూర్చుని, ఒక దేశపు బిళ్ళ అంటించిన ఉత్తరాన్ని మరొక దేశం బట్వాడా చెయ్యాలని ఒప్పందం చేసుకున్నారు. నూటయాభై ఏళ్ళ తరువాత మన ఫోనులో మాత్రం ఒక యాప్‌లో వేసిన ఉత్తరం పక్క యాప్‌లోకి పోదు. పెద్ద కంపెనీలు తలుపు తెరవాలని ఐరోపా వారు చట్టం చేసి, 2024 నుంచి అమలుపరుస్తున్నారు. కుర్రవాళ్ళకు సరదా సరదా స్టిక్కర్లు అందించిన మన హైక్ 2021 జనవరిలో మూతపడింది. అదే నెలలో జోహో వారి అరట్టై వచ్చింది. తమిళంలో అరట్టై అంటే కబుర్లు. 2025 సెప్టెంబరులో జనం దానికోసం ఒక్కసారిగా ఎగబడ్డారు. అప్పటికి దానిలో ఫోను మాటలకు తాళం ఉన్నదిగాని రాతకు లేదు. దాన్ని చేర్చే పని తరువాత చేపట్టారు. స్వదేశీ సరుకన్న అభిమానం నాకూ ఉన్నది. కాని తాళం సంగతి కనుక్కున్నాకే.

చిరునామా సంగతి ఆడపిల్లల తల్లిదండ్రులు ప్రత్యేకంగా ఆలోచించవలసినది. వాట్సాప్ గ్రూపు పుట్టిందే ఫోను నంబర్ల మీద. మా కళాశాలలో ప్రతి తరగతికీ ఒక గ్రూపు ఉన్నది. తన నంబరు అంతమందికి తెలియడం ఇష్టంలేక కొందరమ్మాయిలు నాన్నగారి నంబరు ఇస్తారు. ఆయన పొలం నుంచి వచ్చి, భోంచేసి, రాత్రి ఎప్పుడో చూసుకుంటాడు, చూడకపోవచ్చు కూడ. ఒకమ్మాయికి స్కాలర్‌షిప్ కాగితాల గడువు ఆ విధంగానే దాటిపోయింది. "గ్రూపులో పెట్టారట కదా సార్" అని నిలబడింది. ఆ పిల్లకు ఏం జవాబు చెప్పను? టెలిగ్రామ్‌లో నంబరు ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చు. సిగ్నల్‌లో 2024 నుంచి, అది తెలియనివారికి దానంతటదే కనబడదు. నంబరుకు బదులు పేరుతో మెలిగే ఏర్పాటుకు వాట్సాప్ కూడ పూనుకున్నది. నా మట్టుకు తరగతి గ్రూపును టెలిగ్రామ్‌కు మార్చాను.

తాళానికి రెండో ముఖం కూడ ఉన్నది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో వీడియోలు చేతులు మారాయి. తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో ఐదుగురిని కొట్టి చంపారు. మొదట రాసినవాడెవడో చెప్పడానికి తాళం అడ్డు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారు పోలీసులను, జానపద గాయకులను ఊరూరా పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ వదంతికి విరుగుడు చెప్పించారు. ఫోనులో వచ్చిన విషానికి డప్పుతో మందు! ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక కబురును ఐదు చోట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, అప్పటికే చాలా చేతులు మారినదాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలం.

మొదట పంపినవారెవరో చెప్పగలగాలని 2021లో మన ప్రభుత్వం నిబంధన తెచ్చింది. తాళం విరగ్గొట్టమంటే ఈ దేశం వదిలి వెళ్ళవలసివస్తుందని 2024 ఏప్రిల్‌లో వాట్సాప్ తరఫు న్యాయవాది ఢిల్లీ హైకోర్టులో చెప్పారు. ఇద్దరి వాదనలోనూ బలం ఉన్నది. నన్నడిగితే తాళం ఉంచాలనే అంటాను. ఒకడి ఉత్తరం వెతకడానికి అందరి కవర్లకూ చిల్లులు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇన్ని తాళాలూ ఉన్నా, జిరాక్సు దుకాణంలో మన పని వేరుగా సాగుతున్నది. ఆధార్ కాగితమో, రైలు టిక్కెట్టో అచ్చు తీయించడానికి అక్కడి కంప్యూటరులో మన వాట్సాప్ తెరుస్తాం. కాగితం చేతికి రాగానే చిల్లర తీసుకుని వచ్చేస్తాం. ఆ కంప్యూటరు మాత్రం మన ఉత్తరాలు అందుకుంటూనే ఉంటుంది, దుకాణం కట్టేసినా, మర్నాడు తెరిచినా. ఫోనులో సెట్టింగ్స్ దగ్గర లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది. దాన్ని నొక్కితే మన వాట్సాప్ ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉన్నదో వరసగా కనిపిస్తుంది. ఎరగని పేరు కనిపిస్తే దాని మీద వేలు పెట్టి, లాగ్ అవుట్ అన్నది నొక్కండి.