దుబాయి నుంచి వచ్చే పెట్టెకు రేటు కట్టిందెవరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ ఊరికి పోయినా గల్ఫ్‌లో ఒక్కరన్నా లేని వాడకట్టు దొరకడం కష్టం. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఊరికే అనలేదు. మరమగ్గం ఆగిన నేతన్న, బోరు ఎండిన రైతు, చివరికి ఇద్దరూ ఎక్కేది అదే విమానం. పోయేటప్పుడు చేతిలో సీటు నంబరు ఉంటుంది. ప్రాణం పోయి వచ్చేటప్పుడు ఉండేది ఎయిర్‌వే బిల్లు నంబరు. మాట కటువుగా ఉన్నా నిజం అదే. విమానయాన భాషలో మృతదేహం ప్రయాణికుడు కాదు, కార్గో.

కార్గో అన్నాక దానికో లెక్క ఉంటుంది. తూకం ఒకటి, పెట్టె ఆక్రమించే జాగా ఇంకొకటి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే జాగా బరువు వస్తుంది. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. 200 పొడవు, 60 వెడల్పు, 50 ఎత్తు ఉన్న పెట్టె లోపల ఏమున్నా, లేకున్నా 100 కిలోలే! చల్‌గల్ మార్కెట్ మామిడికైనా, మన మనిషికైనా సూత్రం మారదు.

పైగా రేట్ల పుస్తకంలో కొన్ని సరుకులకు ప్రత్యేక తరగతి ఉంది. పత్రికలు, పుస్తకాలకు మామూలుగా తగ్గింపు. బంగారానికి, ప్రాణమున్న జంతువులకు అదనం. మృతదేహాలదీ అట్లాంటి వేరే తరగతే. గాలి చొరని లోపలి పెట్టె ఉండాలి, తినే వస్తువుల పక్కన ఎక్కించకూడదు లాంటి నియమాలూ ఉన్నాయి. వీటిని తప్పుపట్టలేం, ఆరోగ్యానికి సంబంధించినవి. ప్రశ్నంతా డబ్బు నియమాల గురించే.

అవి ఎక్కడ తయారవుతాయి? విమాన సంస్థలకు ఒక ప్రపంచ సంఘం ఉంది, ఐఏటీఏ. 1945లో హవానాలో పుట్టింది. సరుకు పంపేవాళ్ల తరఫున పనిచేసే ఫార్వర్డర్లకు ఇంకోటి ఉంది, ఫియాటా. ఇది 1926లోనే వియన్నాలో మొదలైంది. వయసులో ఫార్వర్డర్ల సంఘమే పెద్దది గానీ పెత్తనం మాత్రం చిన్నోడిదే. కార్గో ఏజెంటుగా ఎవరు ఉండాలి, ఎంత పూచీకత్తు చూపాలి, విమాన సంస్థకు ఎన్నిరోజుల్లో సొమ్ము జమ చేయాలి అన్నవి తేల్చే కార్గో ఏజెన్సీ కాన్ఫరెన్స్‌లో ఓటు విమాన సంస్థలదే. ఫార్వర్డర్లతో మాట్లాడటానికి సంప్రదింపుల మండలి ఒకటి పెట్టారు. అంటే చెప్పుకోవచ్చు, వింటారు, కానీ చెయ్యెత్తే హక్కు లేదు. ‘సరుకు తెచ్చేది మేము, నిబంధన రాసేది మీరా?’ అన్నదే ఫార్వర్డర్ల గోడు. ఇద్దరూ సమానంగా కూర్చుని నడపాలని 2010ల్లో ఉమ్మడి కార్యక్రమం మీద ఒప్పందం దాకా వచ్చారు. ఆ మాటలు కూడా ఏళ్ల తరబడి సాగాయి.

ఇదంతా పెద్దోళ్ల పంచాయితీ, మనకెందుకు అనిపించవచ్చు. కానీ గడువులోగా విమాన సంస్థకు సొమ్ము కట్టాల్సిన ఏజెంటు, చేతికి డబ్బు రానిదే పెట్టె బుక్ చేయడానికి జంకుతాడు. ఆ డబ్బు ఎవరివ్వాలి? కంపెనీ ఇస్తే సరే. కంపెనీ చేతులెత్తేస్తే లేబర్ క్యాంపులో చందాలే దిక్కు. ఆ పెద్ద బల్ల చుట్టూ విమానం వాళ్లున్నారు, ఫార్వర్డర్లున్నారు. పెట్టె కోసం ఊళ్లో ఎదురుచూసే ఇల్లాలికి కుర్చీ లేదు.

అయినా ఒకసారి మాత్రం రూలు మారింది. అప్పట్లో ఎయిర్ ఇండియా గల్ఫ్ నుంచి మృతదేహాలను కిలోల లెక్కన తెచ్చేది. కిలోకు 17 దిర్హాములు, బరువు 120 కిలోలు అనుకోండి, 2,040 దిర్హాములు. మనిషిని తూకమేయడమేంటని ప్రవాసీ సంఘాలు ఎన్నో ఏళ్లు మొత్తుకున్నాయి. పాకిస్తాన్ విమాన సంస్థ తన వాళ్లను ఉచితంగా తీసుకెళ్తుంటే మనకేమైందని నిలదీశాయి. చివరికి 2019 జనవరిలో ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కాటా తీసేసి ఒకే ధర పెట్టాయి. యూఏఈ నుంచి 1,500 దిర్హాములు, ఒమన్ నుంచి 160 రియాళ్లు, కువైట్ నుంచి 175 దీనార్లు. 12 ఏళ్లలోపు పిల్లలకు సగం. ఈ మార్పు కాన్ఫరెన్స్ హాల్లో పుట్టలేదు, నిరసనల్లో పుట్టింది. ఉచితం కావాలన్న డిమాండ్ మాత్రం అట్లనే ఉండిపోయింది. మూడేళ్లకు, 2022 జనవరిలో, ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది.

విమాన చార్జీ ఒక్కటే ఖర్చు కాదు. ఎంబామింగ్, పెట్టె, హ్యాండ్లింగ్ వేరే. ఇక కాగితాలు చూడండి: మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, మన ఎంబసీ ఇచ్చే ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు. దుబాయి నుంచి హైదరాబాద్‌కు విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. కాగితాలకు వారాలు పట్టే సందర్భాలు, ముఖ్యంగా సౌదీ నుంచి, కోరుట్ల వైపు ఎవరినడిగినా చెప్తారు.

అట్లాంటి కష్టం వచ్చిన ఇంటివాళ్లు తెలుసుకోవాల్సిన దారి ఒకటుంది. విదేశాల్లోని మన ఎంబసీల దగ్గర 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. కంపెనీ కట్టకపోతే, ఇంటివాళ్లకు స్తోమత లేకపోతే మృతదేహం తెచ్చే ఖర్చుకు దీన్ని అడగొచ్చు. చందాలు మొదలుపెట్టే ముందే ఎంబసీకి దరఖాస్తు పెట్టాలి. శంషాబాద్ నుంచి ఇంటిదాకా తెలంగాణ ప్రభుత్వం ఉచిత అంబులెన్సు ఇస్తుంది, దానికి ముందుగానే సమాచారం ఇవ్వాలి.

శంషాబాద్ కార్గో టెర్మినల్ నుంచి జగిత్యాల 200 కిలోమీటర్ల పైనే. అంబులెన్సు కరీంనగర్ దాటేసరికి ఊళ్లో ఫోన్లు మొదలవుతాయి. ఇంటి ముందు పెట్టె దించాక మేకులు పీకడానికి ఎవరో ఒకరు సుత్తి, పలుగు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. పెట్టె మీద అంటించిన కాగితంలో పేరుతోపాటు బరువు కూడా రాసి ఉంటుంది. మూత తీసే తొందరలో దాన్ని ఎవరూ చదవరు.