అపరిచితులు కలసి గీచిన బొమ్మ

ఒక తెల్ల కాగితమును అడ్డముగా మూడు సమభాగములు వచ్చునట్లు మడవవలెను. మొదటి విద్యార్థి పై భాగమున ఒక తలను గీయును. మెడ గీతలు రెండును మడత దాటి రెండవ భాగములోనికి కొంచెము వచ్చునట్లు చేసి, తాను గీచినదానిని లోపలికి మడచి, కాగితమును ప్రక్కవానికిచ్చును. వానికి కనబడునవి ఆ రెండు గీతల కొనలు మాత్రమే. అచ్చటినుండి అతడు మొండెమును గీచి, నడుము గీతల కొనలను మాత్రము విడిచి మూడవవానికిచ్చును. మూడవవాడు కాళ్ళు గీయును. అటుపిమ్మట కాగితమును విప్పి చూడవలెను.

తాడేపల్లిగూడెములో ఒక ఉన్నత పాఠశాలకు ప్రసంగము చేయ వెళ్ళినపుడు 40 మంది విద్యార్థులచేత నేనీ ఆట ఆడించితిని. విప్పిన కాగితములలో ఒకదానియందు గూడబాతు తలయు, రొయ్యల చెరువులోని ఏరేటరు వంటి మొండెమును, పీత కాళ్ళును గల జంతువు కనబడినది. కొల్లేటి ప్రాంతమంతయు ఒక్క శరీరములో ఇమిడినట్లున్నది. తరగతియంతయు నవ్వినది. "నాకు బొమ్మలు రావండీ" అని మొదట కాగితమును ముట్టని బాలుడే ఆ పీత కాళ్ళను గీచినవాడు. అయినను అతుకు చక్కగా కుదిరినది. చూడని బొమ్మకు అతడు కాళ్ళను ఎట్లు అతికింపగలిగెను? ఈ ప్రశ్నకు సమాధానము చిత్రకళలోనే గాక గణితములోను, జీవశాస్త్రములోను కూడ ఉన్నది.

ఆట పుట్టుక

సుమారు 1925లో పారిస్ నగరమున, షాతో వీధిలోని 54వ నంబరు ఇంటిలో ఆంద్రే బ్రెతాన్, ఈవ్ తాంగీ, ఝాక్ ప్రెవేర్ మొదలగు కవులు, చిత్రకారులు ఈ ఆటను ప్రారంభించిరి. మొదట మాటలతో ఆడిరి. తరువాత బొమ్మలతో ఆడిరి. మాటలతో ఆడినపుడు ఏర్పడిన ఒక వాక్యములోని పదములనుబట్టి దీనికి 'రమణీయ శవము' అను వింత పేరు వచ్చినది. వీరు అధివాస్తవికులు. కలలో వలె, తెలివి అదుపు చేయకముందే మనస్సునుండి వెలువడు ఊహలకు విలువ గలదని వీరి వాదము. బ్రెతాన్ 1924లో ఈ వాదమునకు ప్రకటన పత్రమును వెలువరించెను. తెలుగులో శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ఈ ధోరణిని పరిచయము చేసిన కవులలో ముఖ్యులు.

ఒక మనిషి ఎంత స్వేచ్ఛగా గీయవలెనన్నను అలవాటు అతని చేతిని పట్టి నడుపును. ముగ్గురు ఒకరినొకరు చూడక గీచినచో, ఆ ముగ్గురిలో ఎవరికిని తోచని రూపము పుట్టును. ఆటలోని కిటుకు ఇదియే.

లెక్క ఏమి చెప్పును?

40 మందిలో ప్రతి ఒక్కరును ఒక తల, ఒక మొండెము, ఒక జత కాళ్ళు గీచిరనుకొందము. మొత్తము ముక్కలు 120 మాత్రమే. కాని ఏ తలకైనను ఏ మొండెమునైనను, దానికి ఏ కాళ్ళనైనను చేర్చవచ్చును గనుక 40 × 40 × 40 = 64,000 జంతువులు ఏర్పడును. అయితే దీనికొక నియమమున్నది. అందరి కాగితములమీదను మెడ గీతలు ఒకే చోట, నడుము గీతలు ఒకే చోట మడతను దాటవలెను. అతుకు ఒకే విధముగ నున్నపుడే ముక్కలను మార్చుకొనుటకు వీలగును. ఒకే కొలతతో చేసిన మరకు ఏ నట్టైనను పట్టుట ఇట్టిదే.

ఫ్రెంచి రచయిత రేమాన్ కెనో 1961లో ఈ సూత్రముతో ఒక గ్రంథము ప్రకటించెను. అందులో 14 పాదముల పద్యములు 10 గలవు. అంత్యప్రాసలు సరిపోవునట్లు వ్రాయుటచేత ఏ పాదమునకు బదులు మరియొక పద్యములోని అదే పాదమును పెట్టవచ్చును. అనగా 10ని 14 మారులు గుణింపగా వచ్చు కోటి కోట్ల పద్యములు. నిమిషమున కొకటి చొప్పున రాత్రింబగళ్ళు చదివినను సుమారు 19 కోట్ల సంవత్సరములు పట్టును.

మన అవధానము

ఈ ఆటకు దగ్గరి చుట్టము మన తెలుగునాట ఎప్పటినుండియో ఉన్నది. అదియే అవధానము. అవధాన విద్యకు దేశమంతట ప్రచారము తెచ్చిన తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరమునకు సమీపమున గల యండగండిలో జన్మించెను. అవధానములో ఒకరు పొంతన లేని నాలుగు మాటలిచ్చి పద్యము చెప్పుమందురు, అది దత్తపది. ఒకరు అర్థము విపరీతముగా తోచు పాదమునిచ్చి పూరింపుమందురు, అది సమస్య. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరము చెప్పగానే, తరువాత రాదగిన అక్షరమును పృచ్ఛకుడు నిషేధించును. ఇట్లు ఇద్దరి పోటీనుండి ఎవరును ముందు తలపెట్టని పద్యమొకటి అక్షరమక్షరముగ ఏర్పడును.

భేదమేమనగా, పారిస్ కవులు అర్థమును విడిచిపెట్టుటకు ఆడిరి. అవధాని ఎంత వింత మాటనైనను అర్థమునకు లోబరచుటకు ఆడును. దారులు వేరైనను రెంటియందును ఇతరుడు పెట్టిన అడ్డంకియే కొత్త ఊహకు కారణమగుచున్నది.

పుట్టను కట్టు మేస్త్రి ఎవరు?

చెదపురుగులు ఆకారమెరిగి పుట్టను కట్టవు. వానికి పటము లేదు, మేస్త్రి లేడు. ఒక పురుగు ఉంచిన మట్టి ఉండయే తరువాతి పురుగును అచ్చట మరియొక ఉండ నుంచుటకు పురికొల్పును. చేసిన పనియే చేయవలసిన పనిని తెలుపును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ పాల్ గ్రాసే 1959లో దీనికి 'స్టిగ్మర్జీ' అను పేరు పెట్టెను. మన కాగితము మీది రెండు గీతల కొనలు ఈ మట్టి ఉండ వంటివే. పీత కాళ్ళు గీచిన బాలునకు బొమ్మయంతయు తెలియనక్కరలేదు. అతుకు తెలిసిన చాలును.

పది లక్షల చేతులు

2017 ఏప్రిల్‌లో రెడిట్ అను సంస్థ ఇంటర్నెట్‌లో 'ప్లేస్' అను పేర ఒక ఖాళీ పలకను ఉంచినది. నిలువున 1000, అడ్డమున 1000, వెరసి 10 లక్షల గడులు, 16 రంగులు. ఎవరైనను ఒక గడికి రంగు వేసి, మరల వేయుటకు కొన్ని నిమిషములు ఆగవలెను. 72 గంటలలో పది లక్షలకు మించిన జనులు సుమారు 1 కోటి 60 లక్షల మారులు రంగు వేసిరి. అనగా సగటున ఒక్కొక్క గడి 16 మారులు మారినది. ఒకరి బొమ్మమీద మరియొకరు గీయుదురు. మొదటివారు తిరిగి దిద్దుకొందురు. చెరువు గట్టునకు వలె కావలి కాచి మరమ్మతు చేసికొన్నవారి బొమ్మలే నిలిచినవి. తోడులేని ఒంటరివాని గడి త్వరలోనే మాసిపోయినది. 2022లో ఈ ప్రయోగము మరల జరిగినది. చివరి ఘడియలలో తెలుపు తప్ప వేరు రంగు వేయుటకు వీలు లేకుండ చేయగా, జనులే పలకనంతటిని తెల్లగా తుడిచివైచిరి.

ఇట్టి బొమ్మకు కర్త ఎవరు? అమెరికా చిత్రకారుడు ఏరన్ కోబ్లిన్ 2006లో ఇంటర్నెట్ ద్వారా కూలికి కుదిర్చి అపరిచితులచేత 10,000 గొర్రె బొమ్మలు గీయించెను. ఒక్కొక్క బొమ్మకు ఇచ్చిన కూలి 2 సెంట్లు. లోకమునకు తెలిసిన పేరు కోబ్లిన్‌ది. గొర్రెలు గీచినవారిది కాదు. పది మంది చేసిన పనికి పేరు ఒక్కనికే చెందుట న్యాయమా? ఈ ప్రశ్నను విద్యార్థులకే విడిచిపెట్టుట మేలు.

ఉపాధ్యాయులు ఈ ఆటను రెండు విధములుగ ఆడించి చూడవచ్చును. ఒకసారి అతుకు గీతలను విడువుడని, మరియొకసారి ఏమియు విడువవద్దని చెప్పి, రెండు వరుసల బొమ్మలను ప్రక్కప్రక్కన గోడకు అంటింపవలెను. మార్చినది ఒక్కటే అంశము గనుక ఇది నిజమైన శాస్త్ర ప్రయోగమే యగును. బొమ్మల క్రింద ముగ్గురి పేర్లును వ్రాయించుట మరువరాదు. "నాకు రాదు" అనినవాని పేరు కూడ అందులో ఉండును.