సూరత్‌లో పదిహేను వేలు, దుబాయిలో వెయ్యి: ఏది ఎక్కువ?

"నేను సూరత్‌ల సాంచలు నడుపుత. నెలకు పదిహేను వేలు దాటుతది. మా బామ్మర్ది దుబాయిల వెయ్యి దిర్హాముల మీద ఉన్నడు. అంటే ఇరవై నాలుగు వేలు. నేనూ పోవుడు మంచిదా, ఈడనే ఉండుడు మంచిదా?"

లింబాయత్ గల్లీల్లో నిలబడితే చెవిన తెలుగు పడటానికి ఎంతోసేపు పట్టదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఎంతమంది స్థిరపడ్డారో ఊహించుకోవచ్చు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో వలసకు మూడు దారులు చెప్పుకుంటారు. సూరత్ ఆ బొంబాయి దారిలోనే ఇంకొంచెం పైకి ఉంటుంది. అందుకే ఈ ప్రశ్న ఒక్కరిది కాదు. జవాబు చెప్పాలంటే ముందు ఈ పదిహేను వేలను విప్పి చూడాలి.

పదిహేను వేలు ఎలా వస్తాయి?

సూరత్ ఖాతాల్లో, అంటే మగ్గాల షెడ్లలో, జీతం నెలకు కాదు, మీటరుకు. మీటరుకు రూపాయి, రూపాయిన్నర మధ్య కూలి అనేది అక్కడ చాలాకాలంగా వినిపించే మాట. గుడ్డ రకాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఒక మనిషి పది సాంచలు, అంటే మరమగ్గాలు, చూస్తున్నాడనుకుందాం. సాంచె నిమిషానికి 150 పేకలు (అడ్డపోగులు) కొడుతుంది, గుడ్డ అంగుళానికి 50 పేకలు. పోగు తెగడం, కండె మార్చడం లాంటి వాటికి ఆగే సమయం తీసేస్తే పన్నెండు గంటల షిఫ్టులో సాంచెకు 44 మీటర్లు పడతాయి. పదింటికి 440 మీటర్లు. మీటరుకు రూపాయి ఇరవై పైసల చొప్పున 528 రూపాయలు. నెలకు ముప్పై షిఫ్టులు చేస్తే 15,840.

ఇందులో వారపు సెలవు లేదు. కరెంటు పోయినా, బీము అయిపోయినా, సేటు దగ్గర నూలు లేకపోయినా మీటర్లు ఆగిపోతాయి, కూలి ఆగిపోతుంది.

మరి ప్రభుత్వం చెప్పే కనీస వేతనం కన్నా ఇది ఎక్కువే కదా?

మొత్తం చూస్తే ఎక్కువే. 2023లో గుజరాత్ ప్రభుత్వం చాలా రకాల పనులకు కనీస వేతనాన్ని సుమారు 25 శాతం పెంచింది. నగరాల్లో నైపుణ్యమున్న పనివారికి నెలకు 12,324 రూపాయలైంది. ఆ తర్వాత కరువు భత్యంతో ఆరు నెలలకోసారి మారుతూ వస్తోంది. మనం 2023 అంకెనే కొలబద్దగా పెట్టుకుందాం.

అయితే ఆ 12,324 రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఇరవై ఆరు రోజులకు, అంటే 208 గంటలకు. గంటకు 59 రూపాయలు. సాంచల మనిషి చేసేది 360 గంటలు. అతనికి గంటకు పడేది 44 రూపాయలు. నెల చివర చేతికొచ్చే డబ్బు కనీస వేతనాన్ని దాటింది, గంట కూలి మాత్రం దానికి చాలా కిందే ఉండిపోయింది. జీతాల పోలికలో మొదట చూడాల్సింది ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే.

ఇంకో అడుగు వేద్దాం. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలనేది మన ఫ్యాక్టరీ చట్టాల పాత సూత్రం. 208 గంటలకు 12,324, మిగిలిన 152 గంటలకు రెట్టింపు లెక్కన 18 వేలు. మొత్తం 30 వేలు దాటుతుంది. అన్ని గంటల ఓటీకి చట్టం ఒప్పుకోదు, అది వేరే సంగతి. కానీ మీ బామ్మర్ది 24 వేల కన్నా ఎక్కువ విలువైన పని మీరు సూరత్‌లోనే చేస్తున్నారు. అది మీ చేతికి రావడం లేదు, అంతే.

కనీస వేతనం అసలు ఎలా లెక్కగడతారు?

1957లో పదిహేనో భారత కార్మిక సదస్సు దీనికో కొలత చెప్పింది. పనిచేసే మనిషితో కలిపి ఇంట్లో మూడు తిండి లెక్కలు, ఒక్కో లెక్కకు రోజుకు 2,700 కేలరీలు, ఇంటద్దె, వంటచెరకు, దీపం వగైరా, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. తర్వాత సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, ముసలితనం కోసం ఇంకో పాతిక శాతం కలపమంది. 2019 వేతనాల చట్టం కింద వచ్చిన నిబంధనల ముసాయిదాలో ఆ 72 గజాలే 66 మీటర్లయ్యాయి.

66 మీటర్లు! పై లెక్కలోని మన సాంచల మనిషి తన ఇంటికి ఏడాది బట్టను రెండు గంటలు తిరక్కుండానే నేసేస్తాడు.

దుబాయిలో కనీస వేతనం ఎంత?

దేశమంతటికీ వర్తించే కనీస వేతనం అక్కడ విదేశీ కూలీలకు లేదు. ఒప్పందంలో రాసుకున్నదే జీతం. కతార్‌లో ఉంది: 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ బస ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే ఇంకో 300. ఇంటిపని చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇలా విడదీసి రాయడం నాకు నచ్చింది. వెయ్యి అనగానే తిండి లోపలా బయటా అని అడగనక్కర్లేదు.

మన ప్రభుత్వం కూడా గల్ఫ్ దేశాలకు కూలీలను పంపేటప్పుడు ఇంతకు తగ్గకూడదని ఒక సిఫారసు వేతనం పెడుతుంది. 2020 సెప్టెంబరులో, కరోనా రోజుల్లో, ఎమిరేట్స్, కతార్ లాంటి చోట్లకు దాన్ని 200 డాలర్లకు దించింది. అంటే దాదాపు 735 దిర్హాములు. ఉద్యోగాలు నిలబడాలనే తగ్గించామన్నారు. తెలంగాణలో గల్ఫ్ కార్మిక సంఘాలు గొడవ చేశాయి, హైకోర్టుకు వెళ్లాయి. 2021లో పాత వేతనాలే తిరిగొచ్చాయి.

వెయ్యి దిర్హాములు నిజంగా 24 వేలేనా?

ఇటీవలి మారకపు రేటులో దాదాపు అంతే. 2008 మొదట్లో అదే వెయ్యి 11 వేల లోపు. దిర్హామును 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేశారు, అది కదలదు. కదిలింది మన రూపాయి. అంటే ఇంటికి పంపే సొమ్ము రెట్టింపు దాటిందంటే అక్కడి షేకు జీతం పెంచాడని కాదు. సిరిసిల్లలో బియ్యం, ఇసుక, పెళ్లి ఖర్చు కూడా 2008 ధరల దగ్గర ఆగి లేవు కదా.

దేశాల జీతాలను పోల్చేవాళ్లు ఇక్కడ కొనుగోలు శక్తి అనే కొలతను తెస్తారు. ప్రపంచ బ్యాంకు 2021 లెక్కలో అమెరికాలో డాలరుకు వచ్చే సరుకు మన దగ్గర సుమారు 20 రూపాయలకే వస్తుంది. సంసారం మొత్తాన్నీ తీసుకుపోయి అక్కడే బతికేవాళ్లకు ఆ కొలత పనికొస్తుంది. వలస కూలీకి సగమే పనికొస్తుంది. అతను తినేది అక్కడి ధరకు, మిగిల్చింది ఇంట్లో ఖర్చయ్యేది ఇక్కడి ధరకు. సగటు జీతం సంగతి మరీ దారుణం. దుబాయి సగటులో బ్యాంకు మేనేజరూ ఉంటాడు, సూరత్ సగటులో వజ్రాల వ్యాపారీ ఉంటాడు. మీ పక్క మంచం మీద పడుకునేవాడి జీతమే మీకు సరైన సగటు.

అయితే చేతికి మిగిలేదెంత?

బస కంపెనీది, తిండి సొంతం అనుకుందాం. తిండికి 300 దిర్హాములు పోతే 700 మిగులుతాయి. అంటే 16,800 రూపాయలు. సూరత్‌లో ఒంటరి మనిషి గదికి, మెస్సుకు ఐదు వేలు పెడితే దాదాపు 10,800 మిగులుతాయి. తేడా నెలకు ఆరు వేలు. రెండేళ్ల వీసాకు 1,44,000.

ఇప్పుడు ఏజెంటు దగ్గరికి రండి. రిజిస్టరైన ఏజెంటు తన సేవకు 30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలని రూలు. ఊళ్లలో నడిచే బేరం అది కాదు. లక్షన్నర కట్టారనుకోండి, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి. నెలకు మూడు వేలు మిత్తికే. అసలుకు ఆ తేడా మొత్తం చాలదు. మొదటి రెండేళ్లు మీరు దుబాయిలో ఉన్నా సంపాదించేది సూరత్ జీతమే, అదీ పూర్తిగా కాదు. 30 వేలతో పోతే మాత్రం కథ మారుతుంది. ఆరు నెలల్లో అప్పు తీరి, తర్వాతి తేడా అంతా మీదే అవుతుంది.

ఇది ఒంటరి మనిషి లెక్క. మీ ఇంటావిడ సూరత్‌లోనే ఉండి చీరలకు లేసో రాళ్లో అతికిస్తూ నాలుగు డబ్బులు తెస్తుంటే ఆ సంపాదనా లెక్కలోకి రావాలి. వెయ్యి దిర్హాముల మనిషి భార్యను దుబాయి తెచ్చుకోలేడు. కుటుంబ వీసాకు అక్కడ 4,000 దిర్హాముల జీతం కావాలి, లేదా బసతో పాటు 3,000. సూరత్‌లో ఉంటే మాత్రం పండక్కి నవజీవన్ రైలు ఎక్కి వరంగల్‌లో దిగొచ్చు.

పోయేటట్టయితే ఏం అడగాలి?

"బేసిక్ ఎంత?" అని అడగండి, కాగితం మీద చూడండి. వెయ్యిలో బేసిక్ 600, భత్యం 400 అని రాస్తే, పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బు 600 మీదే కడతారు. ఎమిరేట్స్‌లో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ వస్తుంది. వెయ్యి మీదైతే ఏడాదికి 700, ఆరువందల మీదైతే 420. ఓటీ కూడా బేసిక్ మీదే.

ఉండేటట్టయితే, రోజూ షిఫ్టు దిగేటప్పుడు సాంచె వారీగా మీటర్లు మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి, తేదీ వేసి. ఖాతాలోని పుస్తకం సేటుది.