నైట్రో ఇంజను ఎంపిక

రేడియో తరంగములతో నడుచు చిన్న కార్లకు ఇంజను కొనునప్పుడు వేగమొక్కటే చూచుట తగదని మా అభిప్రాయము. మిట్టపల్లాల నేలపై పరుగెత్తు ఎనిమిదవ వంతు నమూనా బగ్గీలకు సాధారణముగా 3.5 ఘన సెంటీమీటర్ల టూ స్ట్రోక్ ఇంజను వాడుదురు. ఇంధనము మిథనాలు, నైట్రోమీథేను, నూనెల మిశ్రమము. పరిమాణమొకటే అయినను ఇంజన్ల స్వభావము వేరు. గరిష్ఠ వేగమునకు మలచినది విశాలమైన బాటకు తగును; తక్కువ వేగమందే లాగుబలమిచ్చునది మలుపులు, గుంతలు గల నేలకును, క్రొత్తవారికిని మేలు. పందెపు బగ్గీ ట్యాంకులో 125 ఘన సెంటీమీటర్ల ఇంధనమే పట్టును గనుక పొదుపును గమనింపవలెను.

ఇంజనును కందెన చేయు నూనె ఇంధనములోనే ఉన్నది. ఇంధనము పాలు తగ్గించి గాలి పెంచినచో వేగము హెచ్చును గాని, నూనె చాలక ఇంజను వేడెక్కి చెడును. కావున క్రొత్త ఇంజనును తొలుత ఇంధనము హెచ్చుగా గల మిశ్రమముతో నెమ్మదిగా నడుపవలెను. విద్యార్థి కూడబెట్టిన సొమ్మును కాపాడునది ఈ ఓర్పే.