వెలిపడిన నాయనమ్మ, మద్రాసు గవర్నరు మనవడు

ఆదివారం ప్రసంగం అయిపోయింది. ఇక రొట్టె విరిచి ప్రభు భోజనం పంచుకోవాలి. సరిగ్గా అప్పుడు ఒకావిడ లేచి మందిరం బయటికి నడిచింది. మధ్యాహ్నం పసిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చే వేళకూ ఆమె లేదు. ఊరు న్యూహేవెన్. ఉత్తర అమెరికా తూర్పు తీరాన ఇంగ్లండ్ ప్యూరిటన్లు 1638లో కట్టుకున్న ఊరు. లేచి వెళ్లిన ఆన్ ఈటన్ ఆ వలస రాజ్యానికి గవర్నరైన థియోఫిలస్ ఈటన్ భార్య. అక్కడ ఓటు ఉన్నది సంఘ సభ్యులకే. సంఘమే ప్రభుత్వం అన్నంతగా రెండూ కలిసిపోయిన చోట గవర్నరు భార్యే ఇలా చేస్తే చూసీ చూడనట్టు ఊరుకోవడం ఎవరి తరమూ కాదు. 1644లో సంఘం ఆమెను విచారించింది. 1645 మే నెలలో వెలివేసింది.

అమెరికా చరిత్రలో ప్యూరిటన్ స్త్రీ అనగానే ఆన్ హచిన్సన్ పేరు చెబుతారు. ఆమెకు బోస్టన్‌లో విగ్రహం ఉంది, న్యూయార్క్ దగ్గర ఆమె పేరున నది ఉంది. ఆన్ ఈటన్‌కు అలాంటివేమీ లేవు. కానీ ఆమె వంశాన్ని పట్టుకుని వెళితే దారి వేల్స్ సరిహద్దు నుంచి బోస్టన్‌కు, అక్కడి నుంచి మన మద్రాసుకు, ఇంకా ముందుకు పోతే పల్నాటి వజ్రాల గనుల దాకా వస్తుంది. తెలుగువాళ్లం ఆమె కథ తెలుసుకోవడానికి నాకు అది చాలనిపించింది.

మూడు ఇంటిపేర్లు

ఆడవాళ్ల వంశచరిత్ర వెతికేవాళ్లకు మొదటి అడ్డంకి ఇంటిపేరు. మన ఇళ్లలో పెళ్లయిన ఆడపడుచు పుట్టింటి పేరు రెండు తరాలు దాటితే చెప్పగలిగేవాళ్లు ఉండరు. ఇంగ్లండ్‌లోనూ అంతే. ఆన్ పుట్టింటి పేరు లాయిడ్. తండ్రి జార్జ్ లాయిడ్ చెస్టర్ బిషప్. చెస్టర్ నగరంలో బిషప్ లాయిడ్ ఇల్లని పిలిచే పాత కట్టడం, చెక్కిన దూలాలతో సహా ఇప్పటికీ నిలిచి ఉంది. బిషప్పుల పెత్తనమే వద్దని సముద్రం దాటిన ప్యూరిటన్లలో ఒకామె బిషప్ కూతురే కావడం గమనించాల్సిన సంగతి.

మొదటి పెళ్లి థామస్ యేల్‌తో. వేల్స్ ఈశాన్య మూలన రెక్సమ్ దగ్గర ప్లాస్ గ్రోనో అనే ఇల్లు, భూములు వాళ్లవి. ఆయన 1619లో చనిపోయాడు. ఆన్, డేవిడ్, థామస్ అనే ముగ్గురు పిల్లలతో ఆమె మిగిలింది. తర్వాత లండన్ వర్తకుడు థియోఫిలస్ ఈటన్‌ను చేసుకుంది. ఆయనా భార్య పోయినవాడే. బాల్టిక్ దేశాలతో వ్యాపారం చేసే ఈస్ట్‌లాండ్ కంపెనీలో పెద్ద పదవి చూసినవాడు. ఆ ఇంట్లో మొదటి భార్య కూతురు మేరీ ఉంది, ముసలి అత్తగారు ఉన్నారు. ఈ రెండో సంసారంలో మళ్లీ పిల్లలు పుట్టారు. ఇంతమంది ఒకే కప్పు కింద బతికారన్న సంగతి విచారణ కాగితాలు చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి.

అలా లాయిడ్, యేల్, ఈటన్ అని ఒకే మనిషికి మూడు పేర్లు. ఇందులో లోకమంతా ఎరిగిన పేరు నడిమిది. అదీ ఆమె వల్ల కాదు.

1637 జూన్‌లో హెక్టర్ అనే ఓడ బోస్టన్ చేరింది. ఈటన్ కుటుంబం, ఆయన చిన్ననాటి స్నేహితుడు పాస్టర్ జాన్ డావెన్‌పోర్ట్, ఆన్ పెద్ద కూతురు, అల్లుడు ఎడ్వర్డ్ హాప్కిన్స్ అందరూ ఆ గుంపులోనివాళ్లే. ఆ నవంబరులోనే ఆన్ హచిన్సన్ విచారణ జరిగింది. తన ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టి ప్రసంగాల మీద చర్చ పెట్టడం ఆమె చేసిన తప్పుల్లో ఒకటి. ఈటన్ కుటుంబం అప్పుడు మసాచుసెట్స్‌లోనే ఉంది. ఆడది మతం గురించి సొంతంగా మాట్లాడితే ఏమవుతుందో ఆన్ ఈటన్ దగ్గర నుంచి విన్నదే. మరుసటి వసంతంలో వాళ్లు దక్షిణానికి కదిలి క్విన్నిపియాక్ ప్రజల నేల మీద ఊరు వేసుకున్నారు. ఆ నేలకు బదులుగా ఇచ్చినవి కోట్లు, గొడ్డళ్లు, పారలు, కత్తులు, చెంచాలు.

అరువు తెచ్చుకున్న పుస్తకం

డెబొరా మూడీ అనే ప్యూరిటన్ విధవరాలు మసాచుసెట్స్ సంఘంతో పడక డచ్చివాళ్ల ప్రాంతానికి తరలిపోయింది. ఇప్పటి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో భాగమైన గ్రేవ్‌సెండ్‌ను నిలబెట్టింది ఆమే. ఆమె దగ్గర ఆన్ ఈటన్ ఒక పుస్తకం అడిగి తీసుకుంది. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడం లేఖనాల ప్రకారం చెల్లదని వాదిస్తూ 1642లో లండన్‌లో అచ్చయిన పుస్తకం అది.

ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టు కుటుంబాలకు ఈ వాదన విడమరచి చెప్పనక్కర్లేదు. తెలిసి నమ్మినవాడికే బాప్తిస్మం, ఒళ్లో పసిబిడ్డకు కాదు అన్నదే వాళ్ల సంఘాలకు పునాది. 1878 జులైలో జాన్ క్లౌ మిషను ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చింది ఈ నమ్మకంతోనే. ఆ మిషనుకు అప్పట్లో పెద్ద కార్యాలయం ఉన్నది బోస్టన్‌లో. 17వ శతాబ్దపు న్యూ ఇంగ్లండ్‌లో మాత్రం ఆ మాటే నేరం.

ఆన్ ఆ వాదనను అక్షరాలా తనకే వర్తింపజేసుకుంది. నాకు పసితనంలో ఇచ్చింది బాప్తిస్మం కాకపోతే నేను బాప్తిస్మం పొందని దాన్ని. అలాంటప్పుడు ప్రభు భోజనానికి కూర్చునే హక్కు నాకెక్కడిది? అందుకే లేచి వెళ్లింది. తెలియనట్టు నటిస్తూ కూర్చుంటే అడిగే దిక్కు లేదు. ఆమె నిజాయితీ నన్ను పట్టి ఆపేది ఇక్కడే.

డావెన్‌పోర్ట్ ఆ పుస్తకం తెప్పించుకుని చదివి, దానికి జవాబుగా ప్రసంగాలు చేశాడు, కాగితం మీద రాసి ఇచ్చాడు. భర్త వాటిని ఆమెకు చదివి వినిపించాడు. ఆమె ఎదురు వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. సంఘానికి కోపం తెప్పించింది ఆ మౌనమే. భర్తనూ పాస్టర్‌నూ ముందుగా అడగకుండా సొంతంగా నిర్ణయించుకుందన్నది వాళ్ల ప్రధాన ఆరోపణ.

అయితే వెలివేత కాగితం మీద పడింది బాప్తిస్మం గొడవ కాదు. అప్పటికి ఆమె ఇంటి గుట్టంతా సంఘం ముందుకు వచ్చేసింది. భోజనాల దగ్గర అత్తగారి చెంపమీద రెండుసార్లు కొట్టిందట. భర్త చేతులు పట్టి ఆపుతుంటే తాను బాధలో ఉన్నానని కేకలు పెట్టిందట. సవతి కూతురు మేరీని గిల్లిందట, గర్భవతివయ్యావని అభాండం వేసిందట. పనివాళ్లను నానా మాటలూ అందట. ఇలాంటివి వరుసగా రాసి, సాక్షులను పిలిచి, పది ఆజ్ఞల్లో ఏది ఏ ఆజ్ఞను మీరిందో లెక్క కట్టారు.

ఆమెను నేను సాధువును చేయను. ఆ ఇంట్లో మేరీ పడ్డ మాటలు తేలికవి కావు. కానీ ఏళ్ల తరబడి నాలుగు గోడల మధ్య జరిగినవాటిని ఆమె నమ్మకం అడ్డు తిరిగాక మాత్రమే సంఘం తవ్వి తీసిందన్నది కూడా ఆ కాగితాల్లోనే కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివర న్యూహేవెన్ చరిత్ర సంఘం ఈ రికార్డును అచ్చు వేసింది. ఆన్ ఈటన్ జీవితంలో ఆమె ఏమనుకుందో కాస్తయినా తెలిసేది ఇందులోనే. నేరం మోపినవాళ్లు రాసిపెట్టకపోతే ఆ మాత్రం కూడా మిగిలేది కాదు.

చదివి చదివి మతి పోయిందట

అదే 1645 వసంతం. న్యూహేవెన్‌లో తల్లి వెలిపడటానికి నెల ముందు పెద్ద కూతురు ఆన్ హాప్కిన్స్‌ను భర్త బోస్టన్ తీసుకొచ్చాడు. ఆయన అప్పటికే కనెక్టికట్ గవర్నరుగా పనిచేసినవాడు. అంతకుముందు మసాచుసెట్స్ గవర్నరుగా పనిచేసిన జాన్ విన్‌త్రాప్ తన దినచర్యలో ఆ రాక గురించి రాసుకున్నాడు: భక్తురాలైన ఆ యువతికి కొన్నేళ్లుగా మతి తప్పుతోంది, కారణం ఎడతెగని చదువూ రాతా, ఆమె చాలా పుస్తకాలే రాసింది. ఇంటిపనులు చూసుకుంటూ, మగవాళ్ల బుద్ధికి తగిన సంగతుల జోలికి పోకుండా ఉంటే తెలివి నిలిచేదని కూడా ఆయన తీర్పు చెప్పాడు.

ఆమెకు వచ్చిన జబ్బేమిటో ఇప్పుడు చెప్పడానికి ఆధారం లేదు. విన్‌త్రాప్ చెప్పిన కారణం మాత్రం జబ్బు కంటే ఆ కాలం గురించే ఎక్కువ చెబుతుంది. అమ్మ చదివితే పాపం, కూతురు చదివితే పిచ్చి. ఆమె రాసిన పుస్తకాల్లో ఒక్కటీ వెలుగు చూడలేదు. భర్త 1657లో లండన్‌లో పోతూ ఆమె పోషణకు ఏటా ఇంత అని వీలునామాలో రాసి ఆ బాధ్యతను ఆమె సోదరుడు డేవిడ్ యేల్ చేతిలో పెట్టాడు. మిగిలిన ఆస్తిలో చాలా భాగం న్యూ ఇంగ్లండ్‌లో బడుల కోసం ఇచ్చాడు. న్యూహేవెన్‌లో 1660లో మొదలైన హాప్కిన్స్ స్కూలు ఇప్పటికీ నడుస్తోంది. ఆమె ఆ స్థితిలోనే 1698 వరకు బతికింది.

సోదరుడిదీ సంఘాలతో పొసగని స్వభావమే. డేవిడ్ యేల్ 1641లో న్యూహేవెన్ వదిలి బోస్టన్‌లో వర్తకం పెట్టుకున్నాడు. సంఘ సభ్యులు కానివాళ్లకూ హక్కులు కావాలని 1646లో రాబర్ట్ చైల్డ్ పెట్టిన అర్జీ మీద సంతకం చేసిన ఏడుగురిలో అతనొకడు. జరిమానా పడింది. 1649లో అతనికి బోస్టన్‌లో కొడుకు పుట్టాడు. పేరు ఎలైహు. పిల్లవాడికి మూడేళ్లప్పుడు కుటుంబం ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోయింది.

థియోఫిలస్ ఈటన్ 1658 జనవరిలో చనిపోగానే ఆన్ కూడా అమెరికాలో ఉండలేదు. 21 ఏళ్ల కిందట దాటిన సముద్రాన్ని మళ్లీ దాటింది. 1659లో ఇంగ్లండ్‌లో కన్నుమూసింది. రెండో కొడుకు థామస్ మాత్రం న్యూహేవెన్‌లోనే ఉండిపోయాడు. అమెరికాలో యేల్ అన్న ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎక్కువగా అతని సంతతే. 19వ శతాబ్దంలో యేల్ తాళం చేసిన లైనస్ యేల్ ఆ శాఖవాడే.

కోట, గుడ్డలు, వజ్రాలు

ఎలైహు యేల్ 1672లో ఈస్టిండియా కంపెనీ గుమస్తాగా మద్రాసులో దిగాడు. తెలుగు నాయకులైన దామెర్ల వారి దగ్గర కంపెనీ ఆ తీరపు నేల సంపాదించి అప్పటికి 33 ఏళ్లు. కోటలో కొత్తగా కట్టిన సెయింట్ మేరీస్ చర్చి పెళ్లిళ్ల రిజిస్టరులో మొదటి నమోదు అతనిదే: 1680 నవంబరులో కేథరిన్ హిన్మర్స్ అనే విధవరాలితో. 1687లో గవర్నరయ్యాడు. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన సంవత్సరమూ అదే. వాళ్ల కొడుకు డేవిడ్ 1688లో పసితనంలోనే పోయాడు. ఆ సమాధి చెన్నైలో హైకోర్టు పక్కన లా కాలేజీ ఆవరణలో ఉంది. న్యూహేవెన్‌లో వెలిపడిన ఆన్ ఈటన్‌కు ముని మనవడు ఆ పిల్లవాడు.

జీతానికి వచ్చినవాడు గొప్ప ధనవంతుడై తిరిగి వెళ్లాడు. సొంత వ్యాపారంలో ముఖ్యమైనవి కోరమాండల్ బట్టలు, వజ్రాలు. బ్రెజిల్ గనులు బయటపడక ముందు లోకానికి వజ్రాలు అందించింది ప్రధానంగా కృష్ణ ఒడ్డు గనులే. వాటిలో పేరున్న కొల్లూరు పల్నాటిది; ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మద్రాసులో అతను కూర్చున్న కౌన్సిలు, యూరప్ వెళ్లే ప్రతి ఓడలో కనీసం పదిమంది బానిసలను పంపాలని నిర్ణయించింది. తీరంలో కరువు రోజులవి. యేల్ సంపద గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి తప్పించి మాట్లాడకూడదు. సొంత లాభాలు చూసుకున్నాడన్న ఆరోపణలతో 1692లో కంపెనీ అతన్ని పదవి నుంచి తీసేసింది.

న్యూహేవెన్‌లో కళాశాల పెట్టాలన్నది పాస్టర్ డావెన్‌పోర్ట్ ఏనాటి కోరికో. కనెక్టికట్‌లో 1701లో మొదలైన చిన్న కళాశాల చివరికి ఆ ఊరికి చేరింది. కట్టడానికి డబ్బు లేక, లండన్‌లో ఉన్న పాత బోస్టన్ బిడ్డ ఎలైహుకు బోస్టన్ పాస్టర్ కాటన్ మాథర్ జాబు రాశాడు. మీ పేరు పెట్టుకుంటామని ఆశ చూపించాడు. 1718లో ఎలైహు తొమ్మిది మూటల సరుకు, మొదటి జార్జ్ రాజు చిత్రపటం, 417 పుస్తకాలు పంపాడు. మూటల్లో ఎక్కువ బట్టలే. అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. ఆన్ మొదటి భర్త ఇంటిపేరు అలా యేల్ కళాశాలకు వచ్చింది. బానిసత్వంతో తనకున్న సంబంధానికి యేల్ విశ్వవిద్యాలయం 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

ఆన్ ఈటన్‌ను ఒక పుస్తకం చదివినందుకు విచారించిన ఊరే ఆ కళాశాల ఊరు. డిగ్రీ చదువుకు ఆడపిల్లలను అది చేర్చుకున్నది 1969లో. ఎలైహు ఇచ్చిన పుస్తకాలకు జాబితా ఉంది. అతని మేనత్త ఆన్ హాప్కిన్స్ రాసిన పుస్తకాలకు విన్‌త్రాప్ రాసిన ఒక్క వాక్యమే ఆధారం. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఏ పాత కాగితాల కట్టలోనైనా ఆమె చేతిరాత ఒక్క పుట దొరకాలని నా కోరిక. ఈ వంశం గురించి ఇక వెతకాల్సింది దాన్నే.