చిన్న కుక్క, పెద్ద ఉద్యోగం: షెల్టర్ నుంచి టెర్రియర్‌ని తెచ్చుకునే ముందు

ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్‌లో మధ్యమధ్యలో మొరుగుడు వినిపిస్తుంది. ఎడిటింగ్‌లో తీసేయలేదు, కావాలనే ఉంచాను. ఇవాళ్టి టాపిక్కే అది.

నా కాళ్ళ దగ్గర కూర్చున్న ఈ తెల్ల శాల్తీ పేరు బఠాణీ. ఒక చెవి గోధుమ రంగు, తోక ఎప్పుడూ పైకే. బరువు ఆరు కిలోలు. షెల్టర్ వాళ్ళ ఫైల్లో 'జాక్ రస్సెల్ టెర్రియర్ మిక్స్, ఆడ, సుమారు మూడేళ్ళు' అని ఉంది. దాని కింద ఇంకో రెండు లైన్లు. రెండిట్లోనూ ఒకటే మాట: 'తిరిగి ఇచ్చేశారు'. మూడో లైన్ నా పేరుతో పడాల్సిందే. పదకొండో రోజున కొద్దిలో తప్పింది. అది ఎలా తప్పిందో చెప్తే మీలో కొందరికైనా పనికొస్తుంది.

చాలామంది మెసేజ్‌లు పెడుతుంటారు కదా, 'అన్నా, ఫ్లాట్‌లో ఉంటాం, చిన్న కుక్క అయితే బెటర్ కదా' అని. నేనూ అలాగే అనుకున్నాను. హైదరాబాద్‌లో రెండో అంతస్తు, రెండు బెడ్‌రూములు, నేనూ అమ్మా. లాబ్రడార్‌కి చోటెక్కడ? చిన్నదైతే తిండి తక్కువ, గోల తక్కువ, పని తక్కువ. తిండి ఒక్కటే కరెక్ట్. మిగతా రెండూ తప్పు. తప్పెందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

టెర్రియర్ అన్న మాటకి మూలం లాటిన్‌లో 'టెర్రా', అంటే నేల. నేల లోపలికి దూరే కుక్క అన్నమాట. ఇంగ్లండ్‌లో జాన్ రస్సెల్ అని ఒక చర్చి ఫాదర్ ఉండేవాడు, 1795లో పుట్టాడు. దైవసేవ ఎంత ఇష్టమో నక్కల వేట అంతకంటే ఇష్టం. 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఒక పాలవాడి దగ్గర తెల్లటి ఆడ టెర్రియర్ కనిపిస్తే కొనేశాడు. దాని పేరు ట్రంప్. [నవ్వు] నిజంగా అదే పేరు. జాక్ రస్సెల్ జాతికి అది మొదటి అమ్మమ్మ అని చెప్తారు.

ఇప్పుడు ఆ కుక్క డ్యూటీ ఏంటో చూడండి. గుర్రాల మీద వేటగాళ్ళు, పెద్ద వేటకుక్కలు తరుముతుంటే నక్క బొరియలో దూరిపోతుంది. అప్పుడు ఈ బుడ్డ కుక్కని లోపలికి వదుల్తారు. ఇది నక్కని చంపకూడదు. ఎదురుగా నిలబడి ఆపకుండా మొరగాలి, నక్క బయటికి పరిగెత్తేదాకా. పైనున్న మనుషులకి నేల కింద కుక్క ఎక్కడుందో తెలిసేది ఆ మొరుగుడు వల్లే. ఒళ్ళు తెల్లగా ఉండటం కూడా అందుకే, బయటికి వచ్చేది నక్కో కుక్కో కంగారులో పొరబడకుండా. చీకట్లో, ఒంటరిగా, మనిషి చెప్పేది వినపడని చోట సొంతంగా నిర్ణయం తీసుకోవాలి. అలాంటి కుక్కల్నే ఏరి ఏరి పిల్లలు పెట్టించారు, తరాల తరబడి.

యార్క్‌షైర్ టెర్రియర్ కూడా అంతే. ఇప్పుడు జుట్టుకి రిబ్బన్ కట్టి ఒళ్ళో కూర్చోబెడుతున్నారు గానీ, ఉత్తర ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో ఎలుకలు పట్టిన కూలీ కుక్కల వంశం అది. ఇంకో టెర్రియర్ మీకు ముందే తెలుసు. మీ తాతయ్య ఇంట్లో పాత గ్రామఫోన్ రికార్డు ఉంటే, దాని మీద బాకా ముందు చెవి పెట్టి కూర్చున్న కుక్క బొమ్మ చూడండి. ఆ హెచ్ఎంవీ కుక్క పేరు నిప్పర్. 1884లో పుట్టిన టెర్రియర్ మిక్స్. ఇంటికొచ్చిన వాళ్ళ పిక్కలు కొరకడం అలవాటు కాబట్టి ఆ పేరు పెట్టారు. బొమ్మలో మాత్రం ఎంత బుద్ధిమంతుడిలా ఉంటాడో.

సరే, షెల్టర్ సంగతికి వద్దాం. నేను వెళ్ళింది ఒక ఆదివారం పొద్దున. కుక్కని చూపించి, సంతకం పెట్టించుకుని పంపేస్తారనుకున్నా. అక్కడి అక్క గంటసేపు ఇంటర్వ్యూ చేసింది. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దె అయితే ఓనర్ ఒప్పుకున్నట్టు కాగితం ఉందా? రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది? నువ్వు ఊరెళ్తే ఎవరు చూస్తారు? రేపు పెళ్ళయితే ఏం చేస్తావు? నాకు కొంచెం కోపమొచ్చింది కూడా. కుక్క కోసం వచ్చానా, సంబంధం కోసం వచ్చానా అనిపించింది. తర్వాత అర్థమైంది, ఒకసారి ఇల్లు మారిన కుక్క మళ్ళీ వెనక్కి వస్తే దాన్ని మామూలు చెయ్యడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆమెకి తెలుసు. అసలు ప్రశ్నలేవీ అడగకుండా కుక్కని చేతిలో పెట్టేసే చోటు కనిపిస్తే మీరే అనుమానించాలి.

మనం అడగాల్సినవీ ఉన్నాయి, నేను సగమే అడిగాను. ఎందుకు తిరిగొచ్చిందని అడిగా. మొదటి ఇంట్లో పైఫ్లోర్ వాళ్ళు మొరుగుడు మీద కంప్లయింట్ ఇచ్చారట. రెండో ఇంట్లో నాలుగేళ్ళ బాబు వెనక నుంచి పట్టుకుంటే పంటి గాటు పెట్టిందట. 'మరి మీ దగ్గర ఎప్పుడెప్పుడు మొరుగుతుంది, దేన్ని చూసి మొరుగుతుంది?' అని మాత్రం అడగలేదు. మీరు వెళ్తే అది తప్పకుండా అడగండి. ఒక్క రోజులో తేల్చేయకుండా రెండు మూడుసార్లు వెళ్ళి వాకింగ్‌కి తీసుకెళ్ళండి, వేరే కుక్కల దగ్గర ఎలా ఉందో చూడండి. ఆపరేషన్ అయిందా, రేబిస్ టీకా కార్డు ఉందా, టిక్ ఫీవర్‌కి రక్తపరీక్ష చేశారా, ఇవి కాగితం మీద చూడండి. మన వేడికి పిడుదులు ఎక్కువ. తిండి మానేసి నీరసంగా పడుకుంటే, చిగుళ్ళు పాలిపోతే, ముక్కు నుంచి రక్తం వస్తే గూగుల్ చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

ఇక మా ఇల్లు. మొదటి మూడు రోజులు బఠాణీ సోఫా కింద నుంచి బయటికి రాలేదు. నీళ్ళు కూడా రాత్రి మేం పడుకున్నాకే తాగేది. అమ్మ జాలిపడి 'పాపం, ఎంత నెమ్మదస్తురాలో' అంది. నాలుగో రోజు పొద్దున ఆరింటికి నెమ్మది అయిపోయింది. పాల ప్యాకెట్ అబ్బాయికి మొరుగుడు, లిఫ్ట్ తలుపుకి మొరుగుడు, కొరియర్‌కి మొరుగుడు. మధ్యలో నా ఆఫీసు కాల్స్. నేను పరిగెత్తుకొచ్చి 'షటప్' అని అరవడం, అది ఇంకా గట్టిగా అందుకోవడం. పరుపు మూల తవ్వేసింది. పదో రోజు పైఫ్లోర్ అంకుల్ అసోసియేషన్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అది చూపించి వాదించొచ్చు. కానీ ఆయన ఇంట్లో పదో క్లాసు పిల్ల పరీక్షలకి చదువుకుంటోంది. వాదించి గెలిచి ఏం చేస్తాను?

పదకొండో రోజు రాత్రి అమ్మ ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయం. నేను షెల్టర్ అక్కకి మెసేజ్ టైప్ చేశా: 'సారీ అక్కా, నా వల్ల కావట్లేదు, వచ్చి తీసుకెళ్ళండి.' పంపేశాను కూడా. అవును, పంపాను.

ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. 'సరే తమ్ముడూ, ఆదివారం వస్తా. ఈలోపు ఒక్క పని చేసి పెట్టు. మొరిగిన ప్రతిసారీ టైమ్ రాయి, దేనికి మొరిగిందో రాయి, నువ్వేం చేశావో కూడా రాయి' అంది. తర్వాతి ఇంటివాళ్ళకి ఇవ్వడానికేమో అనుకుని ఫోన్ నోట్స్‌లో రాయడం మొదలెట్టా.

రెండు రోజుల లిస్టు చూస్తే నాకే నవ్వొచ్చింది. ఒక్కటి కూడా ఊరికే మొరిగింది లేదు. దాదాపు అన్నీ లిఫ్ట్, మెయిన్ డోర్, లేదా రాత్రిపూట కింద సెల్లార్‌లో పందికొక్కులు. దాని పడక ఎక్కడ వేశానో చెప్పనా? హాల్లో, మెయిన్ డోర్ పక్కనే. మూడో కాలమ్‌లో 'నేనేం చేశాను' అన్న చోట ప్రతి లైన్లోనూ ఒకటే: పరిగెత్తుకొచ్చి అరిచాను. అక్క అది విని ఒక్కటే అడిగింది. 'బొరియలో ఉన్న కుక్క దేనికి మొరుగుతుంది తమ్ముడూ? పైనున్న మనిషి రావడానికి. నువ్వు వస్తున్నావుగా మరి?'

అంటే దాని లెక్కలో అది డ్యూటీ చేస్తోంది, నేను వచ్చి దానితోపాటు మొరుగుతున్నాను. రెండు ఇళ్ళవాళ్ళు అల్లరి అనుకుని వెనక్కి ఇచ్చేసింది దీన్నే.

తర్వాత ఏం మార్చానంటే, పడక వెనక బెడ్‌రూమ్‌లోకి మార్చా. లిఫ్ట్ రద్దీ మొదలవ్వకముందే, ఐదున్నరకి, బయటికి తీసుకెళ్తా. నడిపించడం ముఖ్యం కాదు, వాసన చూడనివ్వడం ముఖ్యం. ఒక స్తంభం దగ్గర మూడు నిమిషాలు నిలబడితే నిలబడనీ. ఇంట్లో పాత తువ్వాలులో గింజలు చుట్టి ముడేసి ఇస్తా, అట్టపెట్టెలో కాగితాలు నింపి లోపల తిండి దాస్తా. తవ్వుకుంటుంది. పరుపు బతికిపోయింది. లిఫ్ట్ చప్పుడైతే నేను లేవను. ఒకసారి మొరిగి నా వైపు చూస్తే మెల్లగా 'చాలమ్మా' అని చికెన్ ముక్క ఇస్తా. తోక వంకర పోయిందని చెప్పను, టెర్రియర్ మొరగడం మానదు. నలభై మొరుగుళ్ళు నాలుగు అయ్యాయి, అంతే. అందుకు నెలన్నర పట్టింది. షెల్టర్ల వాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అంటుంటారు. భయం తగ్గడానికి, అలవాటు పడటానికి, ఇది నా ఇల్లే అనుకోవడానికి. కచ్చితమైన లెక్కేమీ కాదు, కానీ పదకొండో రోజు దగ్గర తీర్పు చెప్పకూడదని మాత్రం తెలుస్తుంది.

ఇంకొన్ని గబగబా చెప్పేస్తా. మెడ పట్టీకి బదులు ఛాతీకి వేసే హార్నెస్ కొనండి, చిన్న కుక్కల గొంతు గొట్టం సున్నితం. బాల్కనీ ఊచల మధ్య ఆరు కిలోల కుక్క సులువుగా దూరుతుంది, తెచ్చుకునే ముందే వల కట్టించండి. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, ఆ చికెన్ పెట్టొద్దు. విడిగా ఉప్పూకారం లేకుండా ఉడికించి, ఎముకలు తీసేసి పెట్టండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ విషం. పాయసంలో కిస్‌మిస్ కూడా.

పందికొక్కుల గురించి ఒక మాట. ఇంగ్లీషులో 'బాండికూట్' అనే పదం మన 'పందికొక్కు' నుంచే వెళ్ళింది, తెలుసా? బఠాణీకి ఆ చరిత్ర అక్కర్లేదు, పట్టుకుంటే చాలు. కానీ పట్టనివ్వకండి. వాటి మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, టీకాల్లో అది కూడా ఉందో లేదో డాక్టర్‌ని అడగండి. సెల్లార్‌లో వాచ్‌మన్ పెట్టే ఎలకల మందు ఇంకా ప్రమాదం. మందు తిన్న కుక్క ఒకటి రెండు రోజులు బాగానే కనిపిస్తుంది, తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. తిన్నట్టు అనుమానం వచ్చినా చాలు, ఆ మందు ప్యాకెట్ ఫొటో తీసుకుని వెంటనే వెళ్ళండి. ఇక మనుషుల సంగతి. పన్ను దిగితే, అది మీ ముద్దుల కుక్కే అయినా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, సున్నం అంటూ కూర్చోవద్దు.

ఇంట్లో బుజ్జి పిల్లలుంటే, రోజుకి పది గంటలు తాళం పడే ఇల్లయితే, టెర్రియర్ వద్దనే నేను చెప్తా. షెల్టర్‌లో మన ఊరకుక్క పిల్లలు, వయసు మళ్ళిన నెమ్మది కుక్కలు ఎన్నో ఉంటాయి. సైజు చూడకండి, ఆ కుక్కని ఏ పనికోసం పెంచారో అడగండి.

అన్నట్టు ఆ ఆదివారం అక్క వచ్చింది. ఖాళీ బోను కూడా తెచ్చింది. అమ్మ ఆమెకి టీ ఇచ్చి, బోనుని గుమ్మం బయటే పెట్టించింది. నన్ను ఒక్క మాట అడగలేదు. 'ఇంకో నెల చూస్తాంలేమ్మా' అని తనే చెప్పేసింది. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. పైఫ్లోర్ అంకుల్ ఇంకా మాట్లాడట్లేదు, వాళ్ళమ్మాయి మాత్రం రోజూ సాయంత్రం వచ్చి దీన్ని కిందికి తీసుకెళ్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో టిక్ ఫీవర్ గురించి వివరంగా మాట్లాడదాం, మీ ప్రశ్నలు పంపండి. [మొరుగుడు] ఇదిగో, లిఫ్ట్ వచ్చింది. చాలమ్మా, చాలు. ఉంటానండీ, చికెన్ ముక్క ఇవ్వాలి.